కనుమ పండుగయు లారీ డ్రైవర్లును



కనుమనాడు కాకియైనను కదలదని మన పెద్దలు చెప్పుదురు. ఆనాడు ఊరు విడిచి పయనమగుట తగదను పాటింపు ఇప్పటికిని మన గ్రామములలో కలదు. ఇది వట్టి మూఢనమ్మకమని కొందరు తేలికగా మాటలాడుదురు గాని, నిదానముగ విచారించినచో ఇందు ఒక న్యాయము కనబడుచున్నది. పూర్వము పయనమనగా బండి కట్టవలెను. బండి కట్టవలెనన్న ఎద్దుల మెడపై కాడి వేయవలెను. ఏడాది పొడవున మన పంటను మోసిన ఎద్దును ఆ ఒక్క దినము కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడకు గంటలు కట్టి, కడుపార మేపి, కాడికి దూరముగ నుంచుట కనుమనాటి ఆచారము. పంట పండించినవాడు భోగినాడును సంక్రాంతినాడును సంతోషించును; పంటను మోసినదానికి కనుమ. మోతగాని ఋణము తీర్చు దినమని దీనిని మేము గ్రహించుచున్నాము.

నేడు మన పంటను మోయుచున్నది ఎద్దు కాదు, లారీ. ఇంటి ముంగిట ఎద్దులున్న కాపులు మన సంఘములలో నానాటికి తక్కువగుచున్నారు. కాడి మారినది గాని కాడి క్రింద మెడ పెట్టినవాడు లేకపోలేదు. వాడు డ్రైవరు, వాని ప్రక్కన క్లీనరు. మనము కనుమనాడు గారెలు తినుచుండగా వారు మన సరకుతో ఏ టోలుగేటువద్దనో, తలుపు మూసిన ఏ గిడ్డంగి ముందరనో నిలిచియుందురు. నోరులేని పశువునకు మన పెద్దలు చేసిన న్యాయము నోరున్న మనుష్యునకు మనము చేయుచున్నామా? ఈ ప్రశ్నను సభ్యుల ముందుంచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన నెల్లూరు తీరమునకు సరకుల రాకపోకలు క్రొత్త కావు. సముద్రము వెంబడి సాగు బకింగుహాము కాలువ ఒకప్పుడు మన రాచబాటగా నుండెను. 1876–78 నాటి కరవులో కూలివారికి పని కల్పించుటకై దాని త్రవ్వకము ముందుకు సాగెను. ధాన్యము, ఉప్పు, వంటచెరకు పడవలమీద మద్రాసునకు పోవుచుండెను. పడవవాడు గాలినిబట్టి, నీటినిబట్టి నడచువాడు. పండుగ వచ్చినచో పడవను గట్టునకు కట్టి పొయ్యి రాజేసికొనుటకు వానికి వీలుండెను. తరువాత రైలు వచ్చెను. 1965, 1966 సంవత్సరముల తుపానులకు కాలువ దెబ్బతినెను. పడవలు క్రమముగ నిలిచిపోయెను. ఇప్పుడు కావలి మొదలు నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ మీదుగా మద్రాసునకు పోవు 16వ నెంబరు జాతీయ రహదారియే మనకు ఆధారము. దాని పూర్వపు సంఖ్య 5. ఆ బాటపై నడచు లారీకి గాలితోను నీటితోను పని లేదు, గడియారముతోనే పని.

మన సరకు స్వభావమును గమనింపుడు. గోదావరి, కృష్ణా డెల్టాలలో సంక్రాంతినాటికి పంట ఇల్లు చేరును. మన పెన్నా డెల్టాలో అప్పటికి పైరు పచ్చగా చేనిలోనే యుండును. కాబట్టి సంక్రాంతికి మన ఊళ్లకు లారీలు వచ్చునది ఎక్కువగా ఎరువుతో. ఉగాదికి మన ఊళ్లనుండి లారీలు పోవునది వడ్లతో. రెండు పండుగలును లారీ కదలిక ముమ్మరముగా నుండు దినములలోనే పడుచున్నవి. ఇక ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు ప్రాంతములలోని రొయ్యల గుంటల సంగతి వేరు. రాత్రివేళనో తెల్లవారుజాముననో పట్టుబడి పట్టి, మంచులో పెట్టి, ఆ పూటయే ఫ్యాక్టరీకి తోలవలెను. గూడూరు, పొదలకూరు మార్కెట్ల నిమ్మకాయ వందలాది మైళ్లు ప్రయాణము చేసి ఢిల్లీ వంటి దూరపు పట్టణములకు చేరవలెను. పాలు చెప్పనక్కరలేదు. 2008 నుండి పని చేయుచున్న కృష్ణపట్టణము రేవునకు పండుగ లేదు. ఓడ వచ్చినప్పుడే దింపుడు, దింపినప్పుడే లారీ.

ఇట్టి స్థితిలో డ్రైవరు పండుగనాడు బాటపై నుండుట కొంతవరకు తప్పనిదియే. ఇది మేమును ఒప్పుకొందుము. కాని వాని కష్టమంతయు తప్పనిదేనా యని విచారింపవలెను. లారీ నడచుటవలన కలుగు కష్టము కంటె, పండుగనాడు లారీ నిలిచిపోవుటవలన కలుగు కష్టమే ఎక్కువ. అది యెట్లో చెప్పుచున్నాము.

మనము పండుగకు ముందు సరకు వదిలించుకొనవలెనని తొందరపడి, పెద్దపండుగకు రెండుమూడు దినముల ముందు లోడు ఎత్తుదుము. లారీ గమ్యము చేరునప్పటికి అక్కడి ముఠాకూలీలు పండుగకు తమ ఊళ్లకు పోయియుందురు. గిడ్డంగి గుమస్తా తాళము వేసికొని పోయియుండును. కాటా మూయబడియుండును. దింపువాడు లేడు, తూకపు చీటీ ఇచ్చువాడు లేడు, బాకీ కిరాయి చెల్లించువాడు లేడు. సరకు విడిచి డ్రైవరు కదలరాదు; పట్టా కోసికొని పోవు దొంగలున్నారు. ప్రక్కనున్న హోటలు కూడ మూసియుండును. స్నానమునకు నీళ్లు దొరకవు. ఇట్లు మూడు నాలుగు దినములు లారీ క్రింద నీడలో పండుకొనుటయే వాని పండుగ. ఈ దినములకు హాల్టింగు ఇత్తుమని నోటిమాట చెప్పుదురు గాని, చేతికి వచ్చువరకు నమ్మకము లేదు. లారీ సొంతదారుడే డ్రైవరైనచో అతనికి ఫైనాన్సు కంతు పండుగని ఆగదు.

అటుపిమ్మట జరుగునది మరింత ప్రమాదకరము. నిలిచిన దినములను పూడ్చుకొనవలెనని, ఇంటివద్ద పండుగ మిగిలియుండగానే చేరవలెనని, డ్రైవరు రాత్రి నిద్ర మానుకొని తోలును. సంక్రాంతి దినములలో తెల్లవారుజామున బాటలపై మంచు దట్టముగా కమ్మును. పట్టణములనుండి స్వగ్రామములకు వచ్చు కార్లు, బస్సులు రహదారి నిండ నుండును. నిద్రలేని కన్ను, మంచు, రద్దీ, మూడును కూడినచోట ఏమి జరుగునో చెప్పనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వపు లెక్క ప్రకారము 2022వ సంవత్సరమున మన దేశములో రహదారి ప్రమాదములలో మృతినొందినవారు 1,68,491 మంది. వీరిలో లారీవారును కలరు, లారీ క్రింద పడినవారును కలరు, మనవంటి గ్రామస్థులును కలరు. డ్రైవరు విశ్రాంతి డ్రైవరు ఒక్కనికే సంబంధించిన విషయము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము కావలయునా?

ఇటీవలి సంవత్సరములలో మనము కన్నులార చూచిన సంగతులు కొన్ని కలవు. 2020 మార్చి 25వ తేదీ శార్వరి నామ సంవత్సర ఉగాది. కరోనా వ్యాధి కారణముగ దేశమంతట రాకపోకలు స్తంభించినది ఆ దినముననే. మనము ఇంట తలుపు వేసికొని పచ్చడి తినుచుండగా వేలాది డ్రైవర్లు సరకుతో సహా బాటలపై చిక్కుకొనిరి. హోటళ్లు లేవు, మెకానిక్కు దుకాణములు లేవు. అన్ని రకముల సరకులు పోవచ్చునని మార్చి నెలాఖరున ఉత్తరువు వచ్చెను. కాని రహదారి ప్రక్క భోజనశాలలకును లారీ మరమ్మతు దుకాణములకును ఏప్రిల్ నెల మధ్యలో వెలువడిన నిబంధనలతో గాని అనుమతి రాలేదు. సరకు కదలవలెనని ముందు తోచినది. సరకు తోలువాడు తినవలెనని పిమ్మట తోచినది. ఆ వరుసయే మన ఆలోచనలోని లోపమును చూపుచున్నది.

2021 నవంబరులో కార్తీక పౌర్ణమి దాటిన వెంటనే పెన్నకు మహావరద వచ్చెను. నెల్లూరు, కోవూరుల నడుమ రహదారి దెబ్బతినెను. పడుగుపాడువద్ద రైలుకట్ట కొట్టుకొనిపోయెను. ఇరువైపుల లారీలు బారులు తీరి నిలిచెను. మన తీరమున దీపావళి, కార్తీకము తుపానుల కాలములోనే వచ్చుచున్నవి గనుక ఇట్టిది మరల రాదని చెప్పలేము. ఇక 2024 జనవరి మొదటి రెండు దినములలో, ప్రమాదము చేసి పారిపోయిన డ్రైవరుకు పది సంవత్సరములవరకు శిక్ష విధించు క్రొత్త నిబంధనపై పలుచోట్ల లారీవారు పని మానిరి. రెండు దినములకే పెట్రోలు బంకులవద్ద జనము బారులు తీరిరి. వారు నడుచుచున్నంతకాలము మన కంటికి కనబడరు. నిలిచినప్పుడు గాని వారి విలువ మనకు తెలియుట లేదు.

ఈ విషయమున చట్టము లేదా యని సభ్యులు అడుగవచ్చును. కలదు. 1961వ సంవత్సరమున పార్లమెంటు చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మించి పని చేయించరాదనియు, 5 గంటల పనికి మించకుండ అరగంట విశ్రాంతి ఇయ్యవలెననియు, వారమునకొక దినము సెలవు ఉండవలెననియు విధించెను. కాని అది ఐదుగురు, అంతకు మించిన పనివారు గల సంస్థలకే వర్తించునట్లు వ్రాయబడెను. ఒక లారీ, రెండు లారీలు గల సొంతదారులవద్ద పని చేయు డ్రైవరు దాని నీడలోనికి రాడు. మన సంఘములు కిరాయికి మాటలాడుకొను లారీలలో పెక్కు ఇట్టివే. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడులో ఈ చట్టమును చేర్చిరి. కాగితముపై నియమ మెట్లున్నను, లోడు ఏ గంటకు ఎత్తవలెనో, ఏ గంటకు చేరవలెనో నిర్ణయించునది సరకు గల ఆసామి. అనగా మనము.

ఇతర దేశములలో ఈ చిక్కును ఎట్లు విడదీసిరో చూచుట మంచిది. జర్మనీలో ఆదివారములందును, పండుగ దినములందును ఏడున్నర టన్నులకు మించిన లారీలు అర్ధరాత్రి మొదలు ఆనాటి రాత్రి 10 గంటలవరకు సామాన్యముగా రోడ్డెక్కరాదు. అయినను పాలు, తాజా చేపలు, మాంసము, కూరగాయలు, పండ్లు మున్నగు చెడిపోవు సరకులకు ఈ నిషేధము లేదు. ఐరోపా సమాఖ్యలో డ్రైవరు నాలుగున్నర గంటలు తోలిన పిమ్మట 45 నిముషములు ఆగవలెను. అంతర్జాతీయ రవాణాలో తిరుగు డ్రైవరు మూడు నాలుగు వారములకొకసారి ఇల్లు చేరునట్లు యజమాని పని ఏర్పాటు చేయవలెనని 2020లో అక్కడ నియమము చేసిరి. వారి నియమమును యథాతథముగ మనము తెచ్చుకొనజాలము. కాని చెడిపోవు సరకు వేరు, ఆగగల సరకు వేరు అను వారి విభజన మన పొలమునకును వర్తించును. యూరియా బస్తా రెండు దినములు ఆగినందున పులియదు. ఆరబెట్టిన వడ్లు మూడు దినములు గిడ్డంగిలో నున్నందున మొలకెత్తవు. రొయ్య ఆగదు, పాలు ఆగవు, నిమ్మపండు ఆగదు. ఆగగలదానిని ఆపుదము, ఆగలేనిదానిని తోలువానికి తగిన మర్యాద చేయుదము.

దీనికి రెండు మూడు ఆక్షేపణలు రాగలవు. మనము లోడు ఆపినచో ఆ డ్రైవరుకే కిరాయి నష్టమందురు. పండుగకు ముందే సరకు దింపి ఖాళీగా ఇల్లు చేరు డ్రైవరుకు నష్టము తక్కువ. లోడుతో మూడు దినములు నిలిచిపోవువానికే నష్టము ఎక్కువ. రెండవది, ధర పడిపోవు నేమో యని భయము. పండుగ మూడు దినములు కొనువాడును కాటాయు లేనప్పుడు లారీలో నున్న వడ్లకు ధర వచ్చుట యెట్లు? మూడవది, ఖర్చు. దీనిని లెక్క వేసి చూతము. పది టన్నుల లారీకి, 850 కిలోల పుట్టి చొప్పున, సుమారు 12 పుట్ల వడ్లు పట్టును. ఉగాదినాడు తప్పనిసరిగా తోలవలసివచ్చి, డ్రైవరుకును క్లీనరుకును కలిపి 600 రూపాయలు పండుగ బత్తా ఇచ్చితిమనుకొందము. పుట్టి ఒక్కింటికి 50 రూపాయలు పడును. ఆ లోడులో ముగ్గురు నలుగురు సభ్యుల వడ్లున్నచో ఎవరికిని అది మోయరాని భారము కాదు. ఒంటరి రైతు చేయలేని ఇట్టి పనికే గదా సహకారము ఏర్పడినది.

కాబట్టి సభ్యుల ఆలోచనకై ఈ క్రింది ఏర్పాట్లను సూచించుచున్నాము.

మొదటిది: ప్రతి సంఘమును సంవత్సరారంభముననే పండుగల పట్టిక వేసికొని, ఆగగల సరకును పండుగకు ముందు ఎన్నవ దినమువరకు ఎత్తవలెనో నిర్ణయించుకొనవలెను. దూరమును లెక్కించి, భోగికి ముందునాడు డ్రైవరు సరకు దింపి తిరుగుముఖము పట్టునట్లుండవలెను. ఆ గడువు దాటిన లోడు కనుమ మరునాడే.

రెండవది: లోడు ఎత్తుటకు ముందే దింపుచోటికి టెలిఫోను చేసి, ముఠాకూలీలు ఉందురా, గుమస్తా ఉండునా, కాటా తెరచియుండునా యని రూఢి చేసికొనవలెను. ఈ ఒక్క జాగ్రత్తకు పైసా ఖర్చు లేదు. దీనివలన తొలగు కష్టము మాత్రము మిక్కిలి పెద్దది.

మూడవది: హాల్టింగు దినమునకు ఇంతయని, పండుగ బత్తా ఇంతయని కిరాయి చీటీమీదనే వ్రాయవలెను. డ్రైవరు బత్తాను సొంతదారునిద్వారా గాక బయలుదేరునప్పుడే అతని చేతికి ఇయ్యవలెను.

నాలుగవది: రొయ్యలు, పాలు, నిమ్మకాయల వంటి ఆగని సరకులకు పండుగనాడు ఇద్దరు డ్రైవర్లున్న లారీనే మాటలాడవలెను. ఒకడు నిద్రించుచుండగా మరొకడు తోలును. చేరు సమయమును బిగించి చెప్పక, దారిలో విశ్రాంతికి గంటలు విడిచి చెప్పవలెను.

ఐదవది: మన ఊరికి వచ్చి పండుగకు చిక్కుకొన్న లారీవారికి సంఘపు గిడ్డంగి వసారాయు, స్నానమునకు నీళ్లును, మరుగుదొడ్డియు, ఒక పూట భోజనమును ఏర్పరుపవలెను. పెట్రోలు కంపెనీలు కొన్ని బంకులవద్ద డ్రైవర్లకు విశ్రాంతి గృహములు కట్టించుచున్నవి. అవి రహదారిమీదివారికి గాని మన పల్లె లోపలికి వచ్చినవారికి అందవు. వారికి మన వసారాయే గతి. వచ్చినవాడు ఏ జిల్లావాడైనను, ఏ భాషవాడైనను మన అతిథియే.

పండుగలన్నియు ఒకరివే కావు. రంజాను, బక్రీదు, క్రిస్మసు, గుడ్‌ఫ్రైడే పాటించు డ్రైవర్లు మన బాటలపై ఎందరో కలరు. మొహరములో నెల్లూరు స్వర్ణాల చెరువువద్ద బారాషహీదు దర్గా రొట్టెల పండుగకు అన్ని మతములవారును వచ్చి రొట్టెలు మార్చుకొనుట మన జిల్లా గౌరవము. అట్టి జిల్లావారమైన మనము, “నీ పండుగ ఎప్పుడు?” అని డ్రైవరును ఒక మాట అడిగి ఆ దినము వేరొకని పంపుట గొప్ప సంగతి కాదు. సంక్రాంతికి అతడు, రంజానుకు ఇతడు ఒకరికొకరు బదులు తోలునట్లు లారీవారే పలుచోట్ల కుదుర్చుకొనుచుందురు. దానికి మనము అడ్డుపడకున్న చాలును.

మన సభ్యుల ఇండ్లలోనే లారీ తోలు కుమారులు, అల్లుళ్లు కలరు. ఆ గృహస్థులకు రెండు మాటలు. బిడ్డ బాటపై నున్నప్పుడు, “ఎంతలోపల వచ్చెదవు? అందరు వచ్చిరి, నీ వొక్కడవే రాలేదు” అని మాటిమాటికి టెలిఫోనులో తొందరపెట్టకుడు. ఆ మాట ప్రేమతో అన్నదైనను వాని కాలిని యాక్సిలేటరుపై నొక్కించును. భోజనమునకు ఆగు వేళను ముందుగ తెలిసికొని, ఆ వేళకే మాటలాడుడు, పిల్లలచేత మాటలాడించుడు. అరిసెలు, నువ్వుటుండలు పది దినములైనను చెడవు. బయలుదేరునప్పుడే మూట కట్టి ఇండు. వాడు ఇల్లు చేరిన దినముననే తలంటి పోసి, పిండివంటలు చేసి పండుగ జరుపుడు. పంచాంగములోని తిథి పోయిన పోవును గాని బిడ్డ క్షేమముగ వచ్చిన దినము తిథికంటె తక్కువది కాదు.

డ్రైవరు సోదరులకును ఒక మనవి. పండుగ పోయినదను దిగులును సారాతో తీర్చుకొనవలదు. కన్ను మూతపడునప్పుడు టీ త్రాగి తోలుటకంటె, బండిని బాటకు దూరముగ, వెలుగున్న చోట నిలిపి రెండు గంటలు నిద్రించుట మేలు. మంచులో బాట అంచున దీపములు లేకుండ లారీ నిలుపుట పరుల ప్రాణములతో చెలగాటము. వెంట నడచు లారీలవారు నలుగురు కలిసి ఒకచోట ఆగి, వండుకొని, కలిసి తినుడు. ఒంటరితనమునకు అంతకు మించిన మందు లేదు. సరకు దింపక నిలిపివేసినచో తేదీయు, గంటయు చీటీమీద వ్రాయించుకొనుడు. తరువాత హాల్టింగు అడుగుటకు అదియే ఆధారము.

ఇది దానము కాదు, దయ కాదు. ఎద్దునకు కనుమనాడు పెట్టిన మేత దానమని మన పెద్దలెన్నడును అనుకొనలేదు. అది దానికి చెల్లవలసిన బాకీ. లారీ డ్రైవరుకును మనకును అట్టి లెక్కయే కలదు. రాబోవు సంక్రాంతికి ముందు జరుగు సర్వసభ్య సమావేశములో ప్రతి సంఘమును ఈ విషయమును చర్చకు పెట్టి, పైని ఏర్పాట్లలో తమకు అనుకూలమైనవాటినైనను తీర్మానము చేసి మినిట్సు పుస్తకములో వ్రాసికొనవలెనని కోరుచున్నాము. పట్టికను గిడ్డంగి తలుపుమీద అంటించినచో లారీవారికి కూడ తెలియును. కనుమనాడు మన ఊరి సరకు కొరకు ఏ డ్రైవరును తాళము వేసిన తలుపు ముందర కూర్చుండరాదు. ఈ ఒక్కటి సాధించినను ఈ ఏడు మన కనుమ నిండుకనుమ యగునని సభ్యులకు మనవి చేయుచున్నాము.